ఉడుతకు నాలుగు విద్యలు

పిల్లలూ, మీకొక చిక్కు ప్రశ్న వేస్తాను. ఒక గురువుగారి దగ్గర యాభై విద్యలున్నాయి. అడిగితే ఏ విద్య అయినా నేర్పుతారు. ఐతే ఆయన ఆశ్రమంలో ఒక నియమం ఉన్నది. శిష్యుడి దగ్గర ఎప్పుడూ నాలుగు విద్యలే ఉండాలి. ఐదోది నేర్చుకోవాలంటే, ఉన్నవాటిలో ఒకటి మరచిపోవాలి. మీరైతే ఏ నాలుగు ఉంచుకుంటారు?

తొందరపడి జవాబు చెప్పకండి. నేను తొందరపడ్డాను. ఒకసారి కాదు, మూడుసార్లు తప్పు చెప్పాను. అదీ ఈ వయసులో, మనవళ్ళ ఎదట!

మాది చిలుకూరు. ఆ పేరు వినగానే మీలో కొందరు హైదరాబాదు పక్కనున్న బాలాజీ గుడిని తలుచుకుంటారు. అది వేరే చిలుకూరు. మాది సూర్యాపేట జిల్లాలో, కోదాడ దగ్గర ఉన్నది. సాగరు ఎడమకాలువ నీళ్ళతో వరి పండించుకునే ప్రాంతం మాది. ఎండాకాలం కోతలయిపోయాక పొలాల్లో పనేమీ ఉండదు. మధ్యాహ్నం మాడ్చే ఎండ. అంచేత పిల్లలూ ముసలివాళ్ళూ వేపచెట్టు నీడన అరుగు మీద చేరతారు.

మొన్న వేసవి సెలవులకు మా అమ్మాయి కొడుకు మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వచ్చాడు. మా అబ్బాయి కొడుకు ఇక్కడే మా దగ్గర ఉంటాడు. వాడికి మిర్యాలగూడ వాడు బావ అవుతాడు. బావ రెండేళ్ళు పెద్ద, జానెడు పొడుగు. మావాడు తరగతిలో అందరికన్నా పొట్టి. కాని వేపచెట్టు ఎక్కాడంటే చిటారుకొమ్మ దాకా ఆగడు. అంచేత ఇంట్లోనూ, బడిలోనూ కూడా వాణ్ణి అందరూ "ఉడుత" అంటారు. ఆ పేరు నీకు ఇష్టమేనా అని వాణ్ణి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇద్దరూ చెరొక ఫోనూ పట్టుకుని అరుగు మీద కూచుని ఒక ఆట ఆడేవాళ్ళు. మీలో చాలామందికి దాని పేరు తెలిసే ఉంటుంది. పోకెమాన్. తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను.

జపాను దేశంలో సతోషి తాజిరి అనే ఆయన ఉన్నాడు. చిన్నతనంలో ఆయనకు పురుగులు పట్టడమంటే మహా ఇష్టం. ఆయన ఉన్నది టోక్యో నగరం అంచున. అక్కడి చెరువులూ పొదలూ తిరిగి రకరకాల పురుగులను పోగుచేసేవాడు. తరువాత నగరం పెరిగిపోయి చెరువులు పూడిపోయాయి. పెద్దయ్యాక ఆయన ఆ సరదాను ఒక ఆటలో పెట్టాడు. వింత జంతువులను పట్టడం, పెంచడం, స్నేహితులతో మార్చుకోవడం, వాటిచేత పోటీలు పెట్టించడం. అదే పోకెమాన్. 1996 ఫిబ్రవరి 27న మొదటిసారి జపానులో అమ్మకానికి వచ్చింది. అప్పుడు అందులో నూటయాభై చిల్లర జంతువులుండేవి. ఇప్పుడు వెయ్యి దాటాయి. కాని ఒక్క నియమం మాత్రం ఆనాటి నుంచీ మారలేదు. పోరాటంలో ఒక్కొక్క జంతువుకు నాలుగు విద్యలే ఉండాలి.

నాలుగే అయితే ఎంచుకోవడం తేలిక అనుకుంటున్నారా? పలకా బలపం తీసుకుని లెక్క వేయండి. ఒక జంతువు యాభై విద్యలు నేర్చుకోగలదనుకుందాం. వాటిలోంచి నాలుగేసి చొప్పున ఎన్ని విధాలుగా ఏరవచ్చు? రెండు లక్షల ముప్ఫై వేల మూడు వందల విధాలుగా! ఇది ఒక్క జంతువు సంగతి.

సరే, మా అరుగు దగ్గరికి వద్దాం. మనవళ్ళు ఆడేది జంటపోరు. ఒక్కొక్కరి జట్టులో ఆరు జంతువులుంటాయి. ఆ ఆరింటిలో నాలుగింటిని ఆటకు తెచ్చుకుంటారు. బరిలో మాత్రం ఒక్కొక్క వైపు రెండేసి నిలబడతాయి. ప్రతి వంతులోనూ ఇద్దరూ తమ ఎత్తులు రహస్యంగా ఎంచుకుంటారు. అన్నీ ఎంచుకున్నాక, వేగం ఎక్కువున్న జంతువు ముందుగానూ, తక్కువున్నది వెనకగానూ ఎత్తు వేస్తుంది.

బావ వైపు నిలబడేవి రెండు భూతాలు. ఒకటి గార్చాంప్. డ్రాగను జాతీ, నేల జాతీ కలిసినది. తొంభైఅయిదు కిలోల బరువు. రెండోది టైరానిటార్. రాతి కొండలాంటి మృగం. రెండువందల రెండు కిలోలు. మావాడి వైపు ఒకటి గ్యారడోస్, గాలిలో తేలే పెద్ద నీటిపాము. దాని పక్కన, పిల్లలూ, నాలుగు కిలోలైనా తూగని ఒక తెల్లని ఉడుత! నీలంరంగు చారలు, పెద్ద తోక, బుగ్గల్లో కరెంటు. దాని పేరు పాచిరిసు. వెయ్యి జంతువుల్లో మావాడు దాన్నే ఎందుకు ఎంచుకున్నాడో మీకు చెప్పనక్కరలేదు.

వారం రోజుల్లో మావాడు తొమ్మిది ఆటలు ఆడి తొమ్మిదీ ఓడాడు. ఓడిన ప్రతిసారీ బావ, "ఉడుతకు ఉడుతే దొరికిందిరా!" అని నవ్వేవాడు. చుట్టూ చేరిన పిల్లలు కూడా నవ్వేవారు. తొమ్మిదో ఆట నాటి రాత్రి మావాడు నా మంచం దగ్గరికి వచ్చాడు.

"తాతయ్యా, ఉడుతను తీసేస్తాను. నేనూ ఒక డ్రాగనును పెట్టుకుంటాను," అన్నాడు.

వాడి గొంతు విని నాకు నిద్ర ఎగిరిపోయింది. "తీసేద్దువుగానిలే. ముందు దానికి ఏమేం వచ్చో చెప్పు," అన్నాను.

"థండర్‌బోల్ట్, థండర్, డిస్‌చార్జ్, స్పార్క్."

అంటే ఏమిటని అడిగాను. నాలుగూ కరెంటు దెబ్బలే! ఒకటి పెద్దది, ఒకటి ఇంకా పెద్దది, ఒకటి చుట్టూ పాకేది, ఒకటి చిన్నది. నాకు నవ్వాగలేదు. ఇల్లు కట్టబోయే వడ్రంగి సంచిలో నాలుగు సుత్తులు వేసుకుని, రంపం ఇంట్లో మరచిపోయినట్టుంది.

ఈ ఆటలో పద్ధెనిమిది జాతులున్నాయి. నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు పచ్చికను కాలుస్తుంది, పచ్చిక నీటిని తాగేస్తుంది. తగిన జాతి దెబ్బ తగిలితే రెట్టింపు బాధ. రెండు జాతులు కలిసిన జంతువుకు రెండు జాతులవైపు నుంచీ ఆ దెబ్బే పడకపోతే నాలుగు రెట్లు. రెండువైపులా పడితే పావు వంతే. కొన్ని దెబ్బలకు అసలు బాధే ఉండదు. కరెంటు దెబ్బ నేల జాతికి తగలదు. ఎంచేతంటే కరెంటు భూమిలోకి దిగిపోతుంది గదా! మీ ఇంట్లో కరెంటు మీటరు దగ్గర నేలలోకి ఒక తీగ దించి ఉంటుంది చూడండి, అదే సంగతి. గార్చాంప్ నేల జాతి. అంటే దాని ఎదట మా ఉడుత నాలుగు విద్యలూ దండగే.

అంతకన్నా ఘోరం డిస్‌చార్జ్. అది చుట్టూ ఉన్న అందరికీ తగులుతుంది, పక్కనున్న జతగాడితో సహా. గ్యారడోసు నీరూ గాలీ కలిసిన జాతి. కరెంటు దానికి నాలుగు రెట్లు బాధ. అంటే మావాడు శత్రువును కొట్టబోయి తన పామునే సగం చంపుకుంటున్నాడు! తొమ్మిది ఆటల్లో ఇది రెండుసార్లు జరిగిందట. ఆ రెండుసార్లే బావ మరీ ఎక్కువగా నవ్వాడట.

మర్నాడు ఒక నోటుపుస్తకం తీశాము. ముందుగా థండర్‌బోల్టూ, థండరూ రెండూ ఎందుకని అడిగాను. థండర్ పెద్దదట. దాని బలం 110, థండర్‌బోల్టుది 90. ఐతే థండర్ నూటికి డెబ్భైసార్లే తగులుతుంది, థండర్‌బోల్ట్ నూటికి నూరుసార్లు. ఇది మీరు కూడా చేయగల లెక్క. నూటపదిలో నూటికి డెబ్భై వంతులంటే డెబ్భైఏడు. చాలాసార్లు ఆడితే సగటున థండర్ డెబ్భైఏడూ, థండర్‌బోల్ట్ తొంభై ఇస్తాయన్నమాట. పెద్ద పిడుగు చిన్న పిడుగుకన్నా చిన్నది! (వాన పడుతున్నప్పుడు థండర్ గురి తప్పదు. వాన కురిపించే జంతువును పక్కన పెట్టుకుంటే ఈ లెక్క తలకిందులవుతుంది. మాకు అటువంటిది లేదు.) ఇంకొక సంగతి కూడా ఉన్నది. ఏ విద్యకైనా ఇన్నిసార్లే అని లెక్క ఉంటుంది. కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారికే పనికివచ్చినట్టు. అది ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది, అర్జునుడి కోసం దాచినది!

నేను థండర్, డిస్‌చార్జ్, స్పార్క్ మూడూ కొట్టేయించాను. థండర్‌బోల్ట్ ఉంచాను. నేల మృగాల కోసం గ్రాస్ నాట్ అనే విద్య పెట్టించాను. అంటే గరికను ముడివేసి కాలికి తగిలించి పడేయడం. ఎంత బరువైన జంతువైతే అంత గట్టిగా పడుతుంది. టైరానిటార్ బరువు గుర్తున్నదా? రెండువందల కిలోలు దాటితే ఆ విద్యకు పూర్తి బలం వస్తుంది. పైగా రాతి జాతికి పచ్చిక రెట్టింపు బాధ. ఈ ఉపాయం నాకే తోచినందుకు మహా సంతోషించాను. మిగతా రెండు గదుల్లోనూ వేర్వేరు జాతుల దెబ్బలు వేయించాను. ఇప్పుడు ఏ జంతువు వచ్చినా కొట్టడానికి ఏదో ఒకటి ఉన్నది.

ఆ సాయంత్రం మావాడు పదో ఆట ఓడాడు.

ఎందుకు ఓడాడో చూశాను. గరిక ముడి తగిలి టైరానిటార్ పడ్డది. పడి లేచింది. దాని ప్రాణంలో పావు వంతు మాత్రమే పోయింది. తరువాత అది ఒక్కటి కొట్టింది. ఉడుత పోయింది.

ఆ రాత్రి మావాడు ప్రతి జంతువుకూ ఉన్న అంకెలు చూపించాడు. అవి ముందే అడగవలసింది. ఉడుత దాడిబలం 45. గార్చాంపుది 130. అన్ని అంకెలూ కలిపితే ఉడుతకు 405, గార్చాంపుకు 600. దెబ్బ ఎంత పడుతుందన్నది విద్యలో ఉన్న బలం మీద మాత్రమే కాదు, కొట్టే చేతి మీద కూడా ఆధారపడుతుంది. ఒకే గొడ్డలి నా చేతిలోనూ, మా ఊరి కట్టెలు కొట్టేవాడి చేతిలోనూ ఒకటేనా? నేను ఉడుతకు మంచి గొడ్డళ్ళు ఏరి ఇచ్చాను గాని, అది గొడ్డలి ఎత్తగలదా అని చూడలేదు. ఉడుతను చిన్న డ్రాగను అనుకున్నాను.

"చూశావా తాతయ్యా, నేను చెప్పాను గదా," అన్నాడు మావాడు, డ్రాగను పేరు నోటుపుస్తకంలో రాసుకుంటూ.

అప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది. ఇన్ని దేశాల పిల్లలు ఆడుతున్నారు గదా, ఈ ఉడుతను పెట్టుకుని గెలిచినవాడు ఒక్కడైనా ఉండడా? ఇద్దరమూ ఫోనులో వెతికాము. ఉన్నాడు!

ఈ ఆటకు ఏటేటా ప్రపంచ పోటీలు జరుగుతాయి. మన దేశపు ఆటగాళ్ళు కూడా వెళుతున్నారు. 2024లో హోనలూలూలో పోకెమాన్ గో అనే ఫోను ఆటలో గెలిచినది భారతదేశపు ఆటగాడే. ఐతే మా ఉడుత కథ 2014 నాటిది. ఆ ఆగస్టులో అమెరికా రాజధాని వాషింగ్టనులో పోటీలు జరిగాయి. దక్షిణ కొరియా నుంచి సేజున్ పార్క్ అనే యువకుడు వచ్చాడు. అతని జట్టులో పాచిరిసును చూసి అందరూ ఆశ్చర్యపోయారు. అంత పెద్ద పోటీకి దాన్ని ఎవరు తెస్తారు? పార్క్ దానితోనే చివరి ఆట దాకా వెళ్ళాడు, ప్రపంచ విజేత అయ్యాడు.

అతని ఉడుతకు ఉన్న నాలుగు విద్యలు చదివి నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. నజిల్, సూపర్ ఫాంగ్, ఫాలో మీ, ప్రొటెక్ట్. నాలుగింటిలో ఒక్కటైనా గట్టి దెబ్బ లేదు!

ఒక్కొక్కటీ చెబుతాను, వినండి. నజిల్ అంటే బుగ్గను శత్రువుకు రాయడం. దెబ్బ చీమ కుట్టినంత. కాని తగిలిందంటే శత్రువు తప్పకుండా కొయ్యబారుతాడు. వాడి వేగం పడిపోతుంది, ఒక్కొక్కసారి కదలనే లేడు. సూపర్ ఫాంగ్ అంటే పళ్ళతో కొరకడం. అది శత్రువుకు అప్పుడున్న ప్రాణంలో సరిగ్గా సగం తీసేస్తుంది. ఇందులో చమత్కారం గమనించారా? ఇక్కడ కొట్టేవాడి బలంతో పనే లేదు! ఎదటివాడు ఎంత పెద్దవాడైతే అంత ఎక్కువ పోతుంది. దాడిబలం 45 ఉన్న ఉడుత కొరికినా సగమే, ఏనుగు కొరికినా సగమే. పైగా ఒకటి పనిచేయని చోట రెండోది పనిచేస్తుంది. నజిల్ నేల జాతి మీద పనిచేయదు, సూపర్ ఫాంగ్ పనిచేస్తుంది. సూపర్ ఫాంగుకు దయ్యం జాతి దొరకదు, నజిలుకు దొరుకుతుంది.

ఇక ఫాలో మీ. అంటే "నన్ను చూడండి!" అని ఎగరడం. ఆ వంతులో శత్రువులు ఒక్కణ్ణి గురిచూసి వేసే దెబ్బలన్నీ జతగాణ్ణి వదిలి ఉడుత మీదికి వస్తాయి. పార్క్ జట్టులోనూ గ్యారడోసే ఉన్నది. దానికి అన్నిటికన్నా భయం దేనికి? కరెంటుకు. ఉడుతకు ఒక సహజగుణం ఉన్నది. కరెంటు తగిలితే దానికి బాధ లేదు సరికదా, పోయిన ప్రాణంలో కొంత తిరిగివస్తుంది! పాముకు విషమైనది ఉడుతకు మందు. పార్క్ ఉడుత చేత కొట్టించలేదు. దెబ్బలు కాయించాడు. ఆ సందులో పాము తన పని చూసుకున్నది.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత డ్రాగను పేరు మీద అడ్డగీత గీశాడు.

ఇక్కడే నేను మూడో తప్పు చేశాను. ప్రొటెక్ట్ అంటే ఆ వంతుకు తలుపు వేసుకుని కూచోవడం. ఏ దెబ్బా తగలదు, మనం కొట్టేదీ లేదు. వెంటవెంటనే రెండోసారి వేస్తే చాలాసార్లు విఫలమవుతుంది. "ఉన్నవి నాలుగే గదులు. అందులో ఒకటి దాక్కోవడానికా? పార్కు సంగతి ఎలా ఉన్నా, మనం థండర్‌బోల్ట్ ఉంచుకుందాం," అన్నాను. మావాడు నా ముఖం చూసి, సరే అన్నాడు.

మర్నాడు పొద్దున ఆట మొదలయింది. నేనూ అరుగు మీద కూచున్నాను. మొదటి వంతు. ఉడుత "నన్ను చూడండి" అన్నది. గార్చాంప్ పాము మీదికి విసిరిన పంజా ఉడుతకు తగిలింది. సగం ప్రాణం పోయింది. ఉడుత చేతిలో ఒక పండు ఉన్నది, పార్కు ఉడుతకు ఇచ్చినటువంటిదే. ప్రాణం సగానికి దిగగానే అది తినేసి కొంచెం కోలుకున్నది. ఈ లోపల పాము నాట్యం చేసి తన బలమూ వేగమూ పెంచుకున్నది. చివరగా టైరానిటార్ కరెంటు పిడికిలి ఎత్తింది. రాతి మృగానికి కరెంటు పిడికిలి ఎందుకని నేను అడగబోయాను, అంతలో అర్థమయింది. బావ దాన్ని మావాడి పాము కోసమే నేర్పి ఉంచాడు! మిర్యాలగూడవాడు మామూలువాడు కాదు. ఆ పిడికిలి వచ్చి ఉడుతకు తగిలింది. ఉడుత ప్రాణం మళ్ళీ పెరిగింది.

బావ నవ్వడం మానేశాడు.

రెండో వంతులో పాము అందరికన్నా ముందు కదిలి, మంచు కోరలతో గార్చాంపును కరిచింది. నేలకూ డ్రాగనుకూ కూడా మంచు పడదు. నాలుగు రెట్లు! గార్చాంప్ పడిపోయింది. పదకొండో ఆట మావాడు గెలిచాడు. పిల్లలంతా ఈలలు వేశారు. ఒకడు, "ఉడుత గెలిచింది!" అని అరిచాడు. ఏ ఉడుతో నాకు తెలియలేదు.

కథ ఇక్కడ ఆపితే మీకు బాగుండేది, నాకూ పరువు దక్కేది. కాని బావ ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు గార్చాంప్ చేత భూకంపం వేయించాడు. భూకంపం ఒకణ్ణి గురిచూసి వేసేది కాదు, చుట్టూ ఉన్న అందరినీ కుదిపేస్తుంది. "నన్ను చూడండి" అని ఎంత ఎగిరినా లాభం లేదు. కరెంటు జాతికి నేల దెబ్బ రెట్టింపు. పాము గాలిలో ఉంటుంది కనుక దానికేమీ కాలేదు. ఉడుత మాత్రం ఒక్క దెబ్బకు పోయింది.

మరి భూకంపం బావ టైరానిటార్‌నూ కొట్టాలి గదా? రాతికి కూడా నేల దెబ్బ రెట్టింపే. అందుకే ఇన్నాళ్ళూ బావ దాన్ని వాడలేదు. ఇప్పుడు ఆ ఒక్క వంతులో టైరానిటార్ చేత ప్రొటెక్ట్ వేయించాడు. కొండ తలుపు వేసుకుని కూచున్నది, బయట భూకంపం వచ్చి వెళ్ళిపోయింది! తరువాతి వంతులో పాము గార్చాంపును పడగొట్టింది గాని, కాచేవాళ్ళు లేక కరెంటు పిడికిలికి తనూ పడిపోయింది. ఆట పోయింది.

బావ బస్సు మర్నాడు పదిగంటలకు.

నేను ఆ రాత్రి మావాడి కోసం చూశాను. వాడు రాలేదు. వెళ్ళి చూస్తే దీపం కింద కూచుని నోటుపుస్తకంలో ఏదో గీస్తున్నాడు. రెండు జంతువులు ఇటూ, రెండు అటూ. "తాతయ్యా, థండర్‌బోల్ట్ తీసేశాను," అన్నాడు, నన్ను చూడకుండానే. దాని చోట ప్రొటెక్ట్ రాసి ఉన్నది. నేను ఏమీ అనలేదు. అనడానికి నా దగ్గర ఏమున్నది?

"కాని తాతయ్యా, ఎప్పుడు వేయాలో అదే తెలియడం లేదు. బావ భూకంపం వేసే వంతులో ఉడుత దాక్కోవాలి. పిడికిలి వేసే వంతులో ఎగరాలి. తప్పు వంతులో దాక్కుంటే పాము పోతుంది, తప్పు వంతులో ఎగిరితే ఉడుత పోతుంది."

"బావ మొదటి వంతులో ఏం వేస్తాడు?" అన్నాను.

"నిన్న పనిచేసిందే వేస్తాడు," అన్నాడు వాడు, ఆలోచించి.

పొద్దున తొమ్మిదింటికి, సంచులు గుమ్మంలో పెట్టుకుని, ఇద్దరూ అరుగు మీద కూచున్నారు. మొదటి వంతు. టైరానిటార్ తలుపు వేసుకున్నది. ఉడుత కూడా వేసుకున్నది! గార్చాంప్ భూకంపం వేసింది. కొండకు తగలలేదు, ఉడుతకు తగలలేదు, పాము గాలిలో ఉన్నది. భూమి ఊగింది, బరిలో ఎవరికీ చీమ కుట్టలేదు. పాము నాట్యం ముగించి నిలబడ్డది. బావ ఫోను వంక చూశాడు, మావాడి వంక చూశాడు, మళ్ళీ ఫోను వంక చూశాడు. ఇప్పుడు టైరానిటార్ మళ్ళీ తలుపు వేసుకోబోతే మూడింట ఒక వంతు మాత్రమే సాగుతుంది. భూకంపం మళ్ళీ వేస్తే సొంత కొండే బీటలు వారవచ్చు.

వాడు చాలాసేపు ఆలోచించాడు. హారను వినిపించింది. మా అమ్మాయి, "రారా, బస్సు వచ్చింది!" అని కేకేసింది. ఆట సగంలో ఆగిపోయింది. బావ బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, "నేను ఓడలేదురా!" అని అరిచాడు. "నేను గెలవలేదు గదా!" అని మావాడు కూడా అరిచాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారమూ ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడే ఉండి ఆడుతున్నారు. కిందటివారం బావ దయ్యం జాతి జంతువును ఒకదాన్ని తెచ్చాడట. దయ్యాన్ని సూపర్ ఫాంగ్ కొరకలేదని మీకు ముందే చెప్పాను. అంచేత నోటుపుస్తకం మళ్ళీ నా మంచం మీదికి వచ్చింది. దానికి కొత్తగా అట్ట వేసి ఉన్నది. అట్ట మీద పేరు రాసే చోట, మావాడు తన బడిపేరు రాయలేదు. పెద్ద అక్షరాలతో "ఉడుత" అని రాసుకున్నాడు.